ఒకే బిడ్డకు వయసుకో పేరు

ఆరేళ్లప్పుడు ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకుదనం) అన్నారు. పదేళ్లకు అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ (ధిక్కార రుగ్మత) అన్నారు. పధ్నాలుగేళ్లకు వచ్చేసరికి డిప్రెషన్ అంటున్నారు. ఇలా ఒకే బిడ్డకు మూడు వయసుల్లో మూడు పేర్లు విన్న తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది ఒకటే: "వీటిలో ఏది నిజమండీ? మిగతా ఇద్దరు డాక్టర్లూ పొరబడ్డట్టేనా?"

నేను పాఠశాల కౌన్సెలర్‌ను. రోగనిర్ధారణ చేసే అర్హత నాకు లేదు. అయితే ఒకే బిడ్డను ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా చూస్తూ ఉండే అవకాశం వైద్యుల కంటే మాలాంటి వారికే ఎక్కువగా దొరుకుతుంది. అలా చూసిన మీదట నాకు కలిగిన నమ్మకం ఏమిటంటే, చాలా సందర్భాల్లో ముగ్గురు వైద్యులూ సరిగ్గానే చెప్పి ఉంటారు. ఏ వయసులో ఏది పైకి కనిపించిందో దానికి వారు పేరు పెట్టారు. ఆ మూడింటినీ కలిపి ఒకే కథగా చదివినవారు మాత్రం ఎవరూ ఉండరు. బాల్యంలోని ప్రవర్తనా రుగ్మతలు ఒకదానికొకటి దారి వేసుకుంటాయి, ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి, కొన్నిసార్లు రూపం మార్చుకుని మరో పేరుతో బయటపడతాయి. ఆ దారి ఎలా పడుతుందో అర్థమైతే మధ్యలో ఎక్కడ జోక్యం చేసుకోవచ్చో కూడా తెలుస్తుంది కాబట్టి, దానిని మొదటినుంచీ రాస్తున్నాను.

పిల్లల్లో దూకుడు ఎప్పుడు ఎక్కువగా ఉంటుందని అడిగితే దాదాపు అందరూ కౌమారమనే చెబుతారు. కెనడాలోని మాంట్రియల్‌లో రిచర్డ్ ట్రెంబ్లే, ఆయన సహచరులు పిల్లలను పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనించి తేల్చినది ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంది. కొట్టడం, కొరకడం, తోసెయ్యడం, చేతిలోది లాక్కోవడం వంటి శారీరకమైన దూకుడు మనిషి జీవితంలో అత్యధికంగా ఉండేది రెండు, నాలుగేళ్ల మధ్యనే. ఆ తరువాత మాటలు వచ్చేకొద్దీ, ఆగడం అలవాటయ్యేకొద్దీ, పెద్దవాళ్లు ఓపికగా సర్దిచెప్పేకొద్దీ చాలామందిలో అది తగ్గిపోతుంది. అంటే దూకుడును పిల్లలు ఎవరి దగ్గరో ప్రత్యేకంగా నేర్చుకోనక్కర్లేదు, నేర్చుకోవలసింది నిగ్రహాన్ని. ఆ నిగ్రహం ఒక బిడ్డకు ఎందుకు ఆలస్యంగా అందుతోందన్న చోటినుంచే మన ఆలోచన మొదలవ్వాలి. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లల్లోనూ, పుట్టుకతోనే తొందరపాటు స్వభావం ఉన్న పిల్లల్లోనూ ఈ ఆలస్యం ఎక్కువగా కనిపిస్తుంది.

మామూలు అల్లరికీ, రుగ్మతకూ గీత ఎక్కడ గీస్తారన్నది కొంచెం చెప్పుకోవాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం, అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ అనాలంటే కోపం, చిరాకు, వాదులాట, ధిక్కారం, కక్ష సాధించడం వంటి ఎనిమిది లక్షణాల్లో కనీసం నాలుగు ఆరు నెలలపాటు ఉండాలి. ఐదేళ్ల లోపు పిల్లల్లో అవి చాలా రోజుల్లోనూ, అంతకంటే పెద్దవారిలో వారానికి ఒకసారైనా కనిపించాలి. కాండక్ట్ డిజార్డర్ ఇంకా తీవ్రమైనది. మనుషులనూ జంతువులనూ హింసించడం, ఆస్తులు ధ్వంసం చేయడం, మోసం లేదా దొంగతనం, ఇల్లు విడిచి పారిపోవడం, బడి ఎగ్గొట్టడం వంటి పదిహేను ప్రవర్తనల్లో మూడైనా ఏడాది కాలంలో కనిపిస్తేనే ఆ మాట వాడతారు. ఏడీహెచ్‌డీలో శ్రద్ధ నిలపలేకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు ఉంటాయి. అవి కనీసం రెండు చోట్ల, అంటే ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. 2015లో గిల్హెర్మె పోలాంజిక్ బృందం 27 దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు పిల్లల్లోనూ కౌమారుల్లోనూ ఏడీహెచ్‌డీ 3.4 శాతం, అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ 3.6 శాతం, కాండక్ట్ డిజార్డర్ 2.1 శాతంగా తేలింది. ఒక పెద్ద బడిలో ఈ మూడూ తప్పకుండా ఉంటాయన్నమాట.

ఈ దారిలో మొదటి మజిలీ చాలావరకు ఏడీహెచ్‌డీయే. కదలకుండా కూర్చోవాలన్న నియమం జీవితంలో మొదటిసారి ఎదురయ్యేది బడిలో కాబట్టి, అప్పటిదాకా చలాకీతనంగా చెల్లిపోయినది అక్కడ సమస్యగా మారుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తరగతిలో అందరికంటే చిన్నవాళ్లకు, అంటే ప్రవేశానికి పెట్టిన గడువు తేదీకి కాస్త ముందు పుట్టిన పిల్లలకు, ఏడీహెచ్‌డీ అని చెప్పే అవకాశం ఎక్కువగా ఉన్నట్టు కెనడా, తైవాన్ సహా పలుచోట్ల పరిశోధకులు గమనించారు. ఆరేళ్ల వయసులో పదకొండు నెలల తేడా చాలా పెద్ద తేడా. ఉపాధ్యాయులు ఫిర్యాదు రాసేముందు ఆ బిడ్డ పుట్టిన నెల ఒకసారి చూడటం వల్ల పోయేదేమీ లేదు.

ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డ ధిక్కారం వైపు ఎలా మళ్లుతాడన్నది నాకు ఈ విషయం మొత్తంలో అన్నింటికంటే ముఖ్యమైన ఘట్టంగా తోస్తుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలోకి పరిశీలకులను పంపి, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య క్షణక్షణం జరిగేది నమోదు చేయించారు. ఆ పరిశీలనల్లో బయటపడిన తీరును ఒక సాయంత్రంలో పెట్టి చూద్దాం. ఏడేళ్ల బాబు నేలమీద కూర్చుని బొమ్మలు పేర్చుకుంటున్నాడు. తల్లి లెక్కల పుస్తకం తియ్యమంటుంది. వినిపించుకోడు. రెండోసారి గొంతు పెంచుతుంది. "ఉండమ్మా" అంటాడు. మూడోసారి దగ్గరికి వచ్చి బొమ్మలు తీసేస్తుంది. అతను అరుస్తాడు, పుస్తకం విసిరేస్తాడు, కాళ్లతో నేలను తంతాడు. రోజంతా పనిచేసి అలసిపోయిన తల్లి, "సరే, ఏడ్చుకో, రేపు టీచరే చెప్తుంది నీ సంగతి" అని లోపలికి వెళ్లిపోతుంది. అరుపులు ఆగిపోతాయి.

ఆ రెండు నిమిషాల్లో ఇద్దరూ ఒక పాఠం నేర్చుకున్నారు. గట్టిగా అరిస్తే ఇష్టంలేని పని తప్పుతుందని బిడ్డకు తెలిసింది. తాను తగ్గితే ఇంట్లో గొడవ ఆగుతుందని తల్లికి తెలిసింది. మరో రోజు తల్లి తగ్గకుండా కొట్టిందనుకుందాం. బిడ్డ భయపడి అప్పటికప్పుడు పుస్తకం తీస్తాడు, కొడితేనే మాట వింటాడన్నది ఆమెకు పాఠమవుతుంది. రెండు విధాలుగానూ మరుసటి సాయంత్రం కొంచెం పై మెట్టు నుంచే మొదలవుతుంది. నెలలు గడిచేసరికి మొదటి మాటకు బిడ్డ పలకడు, మొదటి మాటకే పలుకుతాడన్న ఆశ తల్లికీ ఉండదు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డ చేస్తున్న పనినుంచి మనసు మళ్లించుకోవడానికి ఇతర పిల్లల కంటే ఎక్కువ సమయం తీసుకుంటాడు కాబట్టి, ఆ ఇంట్లో ఈ ఘర్షణ జరిగే అవకాశాలు చాలా ఎక్కువగా ఉంటాయి. పైగా కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు 70 శాతానికి పైగా ఉంటుందని చెబుతున్నాయి. అంటే అదే తొందరపాటు, అదే అసహనం తల్లిలోనో తండ్రిలోనో ఉండి ఉండవచ్చు. ఓర్పు అత్యంత అవసరమైన ఇంట్లోనే ఓర్పు తెచ్చుకోవడం అత్యంత కష్టమైన మనుషులు ఉండటం వారి తప్పు కాదు. తల్లిదండ్రులను నిందించే ప్రతి ఉపాధ్యాయుడికీ నేను ఈ సంగతి చెబుతూ ఉంటాను.

ఇంట్లో అలవాటైన ఈ తీరు బడికి వెంట వస్తుంది. మాటకు మాట చెప్పే బిడ్డను తోటిపిల్లలు ఆటలోకి రానివ్వరు. చదవడంలో వెనుకబడటం ఇంకో పక్క మొదలవుతుంది. ఏడీహెచ్‌డీ, పఠన వైకల్యం తరచుగా జంటగానే ఉంటాయి కనుక, అక్షరాలు కూడబలుక్కుని చదివే బిడ్డకు తరగతిలో అందరి ముందూ నిలబడి చదవడం కంటే పక్కవాడిని గిల్లి బయటికి గెంటించుకోవడం తేలిక. మాకు కనిపించేది గిల్లడం ఒక్కటే. స్నేహితులు లేకపోవడం, చదువు రాకపోవడం అనే ఈ రెండు ఓటములూ కలిసినప్పుడు కుంగుబాటు వస్తుందని ప్యాటర్సన్, డెబోరా కాపాల్డీ వివరించారు. ఆ కుంగుబాటు పైకి కనిపించడానికి ఐదారేళ్లు పట్టవచ్చు. అప్పటికి ఆ బిడ్డ తరగతీ మారుతుంది, టీచర్లూ మారతారు, గిల్లడం నుంచి దిగులు దాకా వచ్చిన దారి ఎవరికీ గుర్తుండదు.

ఇవి ఒకదానితో ఒకటి ఎంతగా కలిసి ఉంటాయో చూపించే లెక్కలు చాలానే ఉన్నాయి. 1999లో ఫలితాలు వెలువడిన ఎంటీఏ అనే ఏడీహెచ్‌డీ చికిత్సల అధ్యయనంలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లలు పాల్గొన్నారు. వారిలో మరే సమస్యా లేకుండా కేవలం ఏడీహెచ్‌డీ ఉన్నవారు మూడోవంతు కూడా లేరు. దాదాపు 40 శాతం మందికి అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్, మూడోవంతు మందికి ఏదో ఒక ఆందోళన రుగ్మత, 14 శాతం మందికి కాండక్ట్ డిజార్డర్ కూడా ఉన్నాయి. చికిత్సకు వచ్చేవారిలో ఇలాంటి కలయికలు ఎక్కువగా కనిపించడం సహజమే. రెండు సమస్యలున్న బిడ్డను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లే అవకాశం ఒక సమస్య ఉన్న బిడ్డను తీసుకువెళ్లే అవకాశం కంటే ఎక్కువ. కానీ ఆసుపత్రి గడప తొక్కని సాధారణ జనాభాలో చేసిన సర్వేల్లోనూ ఈ కలయిక అలాగే ఉంది. అదే ఏడాది ఎడ్రియన్ ఆంగోల్డ్, జేన్ కాస్టెలో, అలాఅట్టిన్ ఎర్కాన్లీ అటువంటి సర్వేలను సమీక్షించి, ఏడీహెచ్‌డీకీ ప్రవర్తనా రుగ్మతలకూ మధ్య ఆడ్స్ నిష్పత్తి (ఒక సమస్య ఉంటే రెండోది కూడా ఉండే అవకాశం ఎంత పెరుగుతుందో చెప్పే కొలత; ఒకటి అంటే ఏ సంబంధమూ లేనట్టు) 10.7 అనీ, డిప్రెషన్‌కూ ప్రవర్తనా రుగ్మతలకూ మధ్య అది 6.6 అనీ లెక్కగట్టారు. డిప్రెషన్, ధిక్కారం పరస్పర విరుద్ధమైన స్వభావాలని మనం అనుకుంటాం. ఈ రెండో సంఖ్య ఆ ఊహను నిలబడనివ్వదు.

కలయికకు కారణం ఒక్కటే అయితే పని సులువయ్యేది. కొంత భాగం ఉమ్మడి మూలాలనుంచి వస్తుంది. భావోద్వేగాన్ని అదుపులో పెట్టుకోలేని స్వభావం, దానికి తోడ్పడే జన్యువులు ఒక రుగ్మతకే పరిమితం కావు. మరికొంత భాగం పైన చెప్పినట్టు ఒక సమస్య మరొకదాన్ని పుట్టించడం వల్ల వస్తుంది. ఇంకొంత భాగం మనం గీసిన గీతల వల్లనే వస్తుంది. చిరాకు అన్నది అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ లక్షణాల్లో ఉంది, పిల్లల్లో డిప్రెషన్‌కు విచారం బదులు లెక్కలోకి తీసుకోదగిన లక్షణాల్లోనూ ఉంది. భయంకరమైన అనుభవం ఎదుర్కొన్న బిడ్డ ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతూ, పాఠం మీద మనసు పెట్టలేకపోతే అది ఏడీహెచ్‌డీలాగే కనిపిస్తుంది. అందుకే, కొత్త లక్షణం హఠాత్తుగా మొదలైనప్పుడు దానికి ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో అడగకుండా పేరు పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

ధిక్కారం అని మనం ఒకే ముద్దగా చూసేదాంట్లో మూడు పోగులున్నాయని 2009లో ఆర్గిరిస్ స్ట్రింగారిస్, రాబర్ట్ గుడ్‌మన్ చూపించారు. నా దృష్టిలో పిల్లలతో పనిచేసేవారికి అంతకంటే ఉపయోగపడే పరిశోధన ఈ మధ్య కాలంలో తక్కువే. మొదటి పోగు చిరాకు: చిన్నదానికే కోపం తెచ్చుకోవడం, ఎప్పుడూ ముభావంగా, రుసరుసలాడుతూ ఉండటం. రెండోది మొండితనం: పెద్దవారితో వాదించడం, చెప్పిన నియమాన్ని కావాలని దాటడం. మూడోది ఇతరులను బాధించే ధోరణి, కక్ష తీర్చుకోవడం. మూడూ ఒకే రోగనిర్ధారణ కింద ఉన్నా, వాటి గమ్యాలు వేరు. చిరాకు ప్రధానంగా ఉన్న పిల్లలు తరువాతి కాలంలో డిప్రెషన్, ఆందోళనల వైపు వెళ్తారు. మొండితనం ఏడీహెచ్‌డీతోనూ, కాండక్ట్ డిజార్డర్‌తోనూ ముడిపడి ఉంటుంది. మూడో పోగు బలంగా ఉన్నవారిలో పశ్చాత్తాపం, సానుభూతి తక్కువగా ఉండే స్వభావం కనిపిస్తుంది. అటువంటి పిల్లల మీద శిక్షల ప్రభావం చాలా తక్కువ. మెప్పు, బహుమతి, పెద్దవారి ఆప్యాయతలే వారి విషయంలో కొంత పనిచేస్తాయి.

ఈ తేడా తెలిస్తే ఆచరణలో ఏం మారుతుందో చెబుతాను. పధ్నాలుగేళ్ల అబ్బాయిని టీచర్‌తో వాదించినందుకు నా గదికి పంపుతారు. రికార్డులో నాలుగేళ్లనుంచీ అదే ఫిర్యాదు, అదే హెచ్చరిక ఉంటాయి. జరిగిన గొడవ గురించి అడిగితే భుజాలు ఎగరేస్తాడు. రాత్రి నిద్ర ఎలా పడుతోందని అడిగితే కాసేపు ఆగి, మూడింటిదాకా పట్టదని చెబుతాడు. క్రికెట్ ఆడటం ఎప్పుడు మానేశాడో అడిగితే, "ఇంట్రెస్ట్ పోయింది మేడమ్" అంటాడు. అన్నం సగంలో లేచిపోతున్నాడని ఆ రోజు సాయంత్రం తల్లి ఫోన్‌లో చెబుతుంది. నాలుగేళ్లనుంచి మేము రాసుకున్నవన్నీ అతని నోటిమాటల గురించే. పదేళ్లప్పుడు అతనిలో కనిపించింది మొండితనమా, చిరాకా అని అప్పుడే విడదీసి చూసి ఉంటే డిప్రెషన్ కోసం ఎదురుచూసే కన్ను ఒకటి మాకు ఉండేది. పిల్లల్లో తీవ్రమైన, ఎడతెగని చిరాకును వేరుగా గుర్తించడానికే డీఎస్‌ఎం-5లో డిస్రప్టివ్ మూడ్ డిస్‌రెగ్యులేషన్ డిజార్డర్ అనే కొత్త పేరు చేర్చి, దానిని ప్రవర్తనా రుగ్మతల్లో కాక డిప్రెషన్ రుగ్మతల అధ్యాయంలో పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11 మరో దారి ఎంచుకుని, ధిక్కార రుగ్మతలోనే దీర్ఘకాలిక చిరాకు, కోపం ఉన్న రకాన్ని ప్రత్యేకంగా గుర్తించమంది. రెండు దారులూ చిరాకును అల్లరి నుంచి విడదీయమనే చెబుతున్నాయి.

కౌమారానికి వచ్చేసరికి చిత్రం మరింత చిక్కగా అవుతుంది. చిన్నప్పటినుంచీ కష్టపడుతున్న పిల్లలు కొందరు, అప్పటిదాకా ఏ ఇబ్బందీ పెట్టకుండా పదమూడు, పధ్నాలుగేళ్లకు కొత్తగా దారి తప్పే పిల్లలు కొందరు ఒకే చోట కలుస్తారు. 1993లో టెర్రీ మాఫిట్ ఈ రెండు బృందాలనూ వేరుచేసి చూపించారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 1973 సంవత్సరాల్లో పుట్టిన 1,037 మందిని బాల్యం నుంచి వెంబడిస్తున్న అధ్యయనం ఆమె వాదానికి ఆధారం. మొదటి బృందంలో నాడీవ్యవస్థకు సంబంధించిన చిన్నచిన్న లోపాలు, భాషా సమస్యలు, ఏడీహెచ్‌డీ, ఇంటి కష్టాలు కలగలిసి ఉంటాయి, సమస్య పెద్దయ్యాకా కొనసాగే ప్రమాదం ఎక్కువ. రెండో బృందంలో శరీరం పెద్దవారిలా ఎదిగినా పెద్దవారి హక్కులు అందని కాలంలో, స్నేహితులను చూసి నేర్చుకున్న ప్రవర్తన ఎక్కువ. ఉద్యోగం, సంసారం వచ్చాక చాలామంది దానిని వదిలేస్తారు. డీఎస్‌ఎం కూడా ఇదే ఆలోచనతో, పదేళ్లలోపు ఒక్క లక్షణమైనా కనిపించిన కాండక్ట్ డిజార్డర్‌ను బాల్యంలో మొదలైనదిగా, లేనిదానిని కౌమారంలో మొదలైనదిగా విడదీస్తుంది. అదే డునెడిన్ పిల్లల్లో చిన్నప్పుడు తీవ్రంగా ఉండి తరువాత తగ్గినవారు కూడా గణనీయంగా ఉన్నారని ఆ తరువాత తేలింది. కౌమారంలో మొదలైనదంతా దానంతటదే సర్దుకుంటుందన్న భరోసా కూడా నిలవలేదు. ఆ కొద్ది ఏళ్లలోనే చదువు ఆగిపోవడం, మత్తు పదార్థాలకు అలవాటు పడటం, పోలీసు కేసు వంటివి జరిగితే వెనక్కి రావడం కష్టమవుతుంది. "వయసొస్తే అదే పోతుంది" అన్న మాట, "వీడింతే, మారడు" అన్న మాట, రెండూ నాకు సమానంగా అభ్యంతరకరమే.

మరో పక్క ఏడీహెచ్‌డీ రూపం మారుతుంది. కుర్చీలో నిలవని పరుగులు తగ్గి, లోపల అశాంతి మిగులుతుంది. శ్రద్ధ నిలపలేకపోవడం చాలామందిలో అలాగే ఉండిపోతుంది. పరుగులు తగ్గాయి కదా అని మందులు, సహాయం ఆపేసే సమయానికే చదువు బరువు పెరుగుతుంది. మత్తు అలవాట్ల ప్రమాదం ఏడీహెచ్‌డీకి కాండక్ట్ డిజార్డర్ తోడైన పిల్లల్లో బాగా ఎక్కువ. అందుకే ఈ వయసులో ఒక్క రుగ్మతను చూసి రెండోదాన్ని వదిలేయడం ఖరీదైన పొరపాటు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వారు మా గదులకు రారు. కిటికీలోంచి చూస్తూ నిశ్శబ్దంగా కూర్చున్న అమ్మాయి మీద ఎవరూ ఫిర్యాదు రాయరు. వారిలో ఏడీహెచ్‌డీ ఎక్కువగా శ్రద్ధాలోపంగా ఉండటం వల్ల గుర్తింపు ఆలస్యమవుతుంది. దూకుడు ఉన్నా అది స్నేహితుల గుంపులోంచి ఒకరిని వెలివేయడం, పుకార్లు పుట్టించడం వంటి రూపాల్లో సాగుతుంది. కాండక్ట్ డిజార్డర్ అబ్బాయిల కంటే అమ్మాయిల్లో తక్కువే, మొదలైతే మాత్రం ఎక్కువగా కౌమారంలోనే మొదలవుతుంది. దానితోపాటు డిప్రెషన్, ఆందోళన కూడా ఉండే అవకాశం చాలా ఎక్కువ. పదిహేనేళ్ల అమ్మాయి డిప్రెషన్‌తో వచ్చినప్పుడు ఆరేళ్లనాటి శ్రద్ధాలోపం గురించి అడిగేవారు అరుదు.

ముందుకు చూడటానికీ, వెనక్కి చూడటానికీ మధ్య ఉన్న తేడాను తల్లిదండ్రులకు వివరించడం నాకు చాలా అవసరంగా తోస్తుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక బాలల క్లినిక్‌కు వచ్చిన పిల్లలను ముప్పై ఏళ్ల తరువాత వెతికి పట్టుకున్న లీ రాబిన్స్, 1966లో ఆ ఫలితాలు ప్రచురించారు. పెద్దయ్యాక తీవ్రమైన సంఘవ్యతిరేక ప్రవర్తన ఉన్నవారందరికీ దాదాపుగా బాల్యంలో అటువంటి చరిత్ర ఉంది, అలాంటి చరిత్ర ఉన్న పిల్లల్లో ఎక్కువమంది మాత్రం అలా తయారు కాలేదు. ఈ రెండు వాక్యాల్లో మొదటిదే జనంలో ప్రచారమైంది. డునెడిన్ నుంచి 2003లో వచ్చిన మరో ఫలితం దీనికి తోడు చదవాలి. ఇరవై ఆరేళ్లకు ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నవారిలో సగం మందికి పదిహేనేళ్లలోపే ఏదో ఒక రుగ్మత ఉండింది. ఆ పెద్దవారి రుగ్మతలు ఏవైనా సరే, డిప్రెషన్ కానివ్వండి, ఆందోళన కానివ్వండి, వాటికి ముందు బాల్యంలో ధిక్కార లేదా కాండక్ట్ రుగ్మత ఉన్నవారు 25 నుంచి 60 శాతం దాకా ఉన్నారు. అల్లరి పిల్లాడు పెద్దయ్యాక నేరస్తుడవుతాడేమోనని సమాజం భయపడుతుంది. ఆ బిడ్డే పెద్దయ్యాక తీవ్రంగా కుంగిపోవచ్చన్న ఆలోచన చాలామందికి తట్టదు.

పరిసరాలు మారితే ఈ దారి మారుతుందా అన్నదానికి అరుదైన ఆధారం ఒకటి దొరికింది. అమెరికాలోని నార్త్ కరోలినా కొండ ప్రాంతంలో 1993లో 9, 11, 13 ఏళ్ల పిల్లలు 1,420 మందితో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అధ్యయనం మొదలైంది. వారిలో నాలుగోవంతు మంది స్థానిక ఆదివాసీ కుటుంబాలవారు. అధ్యయనం మధ్యలో వారి భూభాగంలో కేసినో తెరుచుకుని, దాని ఆదాయంలో వాటా ప్రతి సభ్యుడికీ అందడం మొదలైంది. ఎవరూ ప్రణాళిక వేయని ప్రయోగం ఇది. పేదరికం నుంచి బయటపడిన కుటుంబాల పిల్లల్లో ధిక్కార, కాండక్ట్ లక్షణాలు తగ్గి, ఎన్నడూ పేదరికం ఎరగని పిల్లల స్థాయికి చేరాయి. ఆందోళన, డిప్రెషన్ లక్షణాలు మాత్రం అలా తగ్గలేదు. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడమే ఈ మార్పుకు ముఖ్యకారణంగా కనిపించిందని పరిశోధకులు రాశారు. పైన రాసిన ఆ సాయంత్రంలో తల్లి అలసిపోయి ఉండటం అప్రధానమైన వివరం కాదు.

సహాయం విషయానికి వస్తే, చిన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణకు బలమైన ఆధారాలున్నాయి. బిడ్డ చేసిన మంచి పనిని వెంటనే గుర్తించి చెప్పడం, ఒకేసారి ఒకే మాట స్పష్టంగా చెప్పడం, అరుపులకు లొంగకుండానే కొట్టకుండా ఉండటం అందులో ముఖ్యమైనవి. ఏడీహెచ్‌డీకి మందులు వాడినప్పుడు తొందరపాటుతోపాటు ధిక్కారం కూడా తగ్గడం తరచుగా చూస్తాం. అలవాటుపడిన పోట్లాట ఆగాలంటే మాత్రం మందుతోపాటు ఇంట్లో మాటతీరు కూడా మారాలి. కౌమారుల విషయంలో ఒక తప్పు మార్గం గురించి గట్టిగా చెప్పాలి. ఇబ్బంది పెడుతున్న పిల్లలందరినీ ఒకే గుంపుగా చేర్చి క్రమశిక్షణ తరగతులు పెట్టడం అంత మంచిది కాదు. థామస్ డిషన్, జోన్ మెకార్డ్, ఫ్రాంస్వా పూలాన్ 1999లో చూపించినట్టు, అలాంటి గుంపుల్లో ఒకరి దుడుకు మాటకు మరొకరి నవ్వే బహుమానమై ప్రవర్తన ఇంకా దిగజారవచ్చు. 1939లో మసాచుసెట్స్‌లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ కార్యక్రమంలో సహాయం పొందిన అబ్బాయిలు ముప్పై ఏళ్ల తరువాత సహాయం పొందనివారికంటే అధ్వానంగా ఉన్నారని మెకార్డ్ 1978లోనే నివేదించారు. మంచి ఉద్దేశంతో చేసిన పని హాని చేయదన్న హామీ లేదు.

వైద్యుల దగ్గరకు వెళ్లే కుటుంబాలకు నేను ఒక కాగితం రాసుకు వెళ్లమంటాను. ఏ లక్షణం ఏ వయసులో మొదలైంది, ఎక్కడెక్కడ కనిపించింది, ఏది తగ్గింది, తగ్గడానికి ముందు ఏం మారింది, ఆ ఏడాది ఇంట్లో చావో, ఊరు మారడమో, గొడవలో జరిగాయా అన్న వరుస అందులో ఉండాలి. కొత్త పేరు వచ్చినప్పుడు పాత పేరు కొట్టివేయకుండా, దాని లక్షణాలు ఇంకా ఉన్నాయా అని అడగాలి. రెండూ ఉంటే, ప్రాణానికి ముప్పు తెచ్చేదానికి ముందు చికిత్స మొదలవ్వాలి.

ఆ ముప్పు గురించి ఇంకో మాట. కోపిష్టి పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు ఉండవని చాలామంది అనుకుంటారు. కుంగుబాటుకు తొందరపాటు తోడైన కౌమారులే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు, ఎందుకంటే ఆలోచనకూ చేతకూ మధ్య వారికి వ్యవధి తక్కువ. చచ్చిపోవాలనిపిస్తోందా అని బిడ్డను సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి వాదనలు, అరుపులు పెరిగిన నెలలోనే ఈ ప్రశ్న అడగండి, మరొకరు లేని చోట, తిట్టే గొంతుతో కాకుండా అడగండి. అవునన్నా, సమాధానం దాటవేసినా, ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి, ఇంట్లోని మందులు, పురుగుమందులు అందకుండా తాళం వేయండి, అదే రోజు మానసిక వైద్యుడికి చూపించండి.